మీటరు ఫొటో చదవడం: అంకెలు సులువే, రీడింగే కష్టం

ఫొటో నుంచి కరెంటు మీటరు రీడింగ్ చదివే ప్రోగ్రాం రాస్తున్నానంటే అందరూ అనేది ఒకటే, అంకెలేగా, ఈ రోజుల్లో అదేం పని అని. అంకెలే, కాదనను. కానీ చేతిరాత అంకెలున్న ఎమ్నిస్ట్ మీద, అంటే 60,000 బొమ్మల మీద నేర్చుకున్న మోడల్‌ని తెచ్చి ఇందుకూరుపేట రొయ్యల గుంట దగ్గరి మీటరు ఫొటో ఇస్తే నోరెళ్లబెడుతుంది.

అక్కడ మా మామకి గుంటలున్నాయి. రాత్రంతా నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి కాపలా కుర్రాడు రోజూ మీటరు ఫొటో వాట్సాప్‌లో పెడతాడు, దాన్ని చూసి మామ పుస్తకంలో రాసుకుంటాడు. ఆ రాత పని తప్పిద్దామని మొదలెట్టాను. ఉప్పుగాలికి పెట్టె తుప్పు పట్టి, అద్దం మసకబారి ఉంటుంది. పైగా మీటరు ఎత్తులో ఉంది, వాడు కింద నుంచి తీస్తాడు, ఆ కోణంలో ఎల్‌సీడీ గీతలు కొన్ని కనపడకుండా పోతాయి. ఏడు గీతల అంకె కదా, 8లో మధ్య గీత పోతే 0, కింద ఎడమది పోతే 9, పైన కుడిది పోతే 6. తప్పని అనుమానం కూడా రాదు, వచ్చింది నిఖార్సైన అంకే మరి.

టెసరాక్ట్ లాంటి ఓసీఆర్, అంటే బొమ్మలోని రాతని చదివే ప్రోగ్రాం, ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. అది అచ్చు అక్షరాలకి అలవాటు పడింది, గీతల మధ్య సందులు చూసి ఒక్క అంకెని ముక్కలు ముక్కలుగా చదువుతుంది. అందుకే ఫొటోలో ఏ వస్తువు ఎక్కడుందో గుర్తించే యోలో మోడల్‌తో ముందు తెర ఎక్కడుందో పట్టుకుని, అంతవరకే కత్తిరించి, వంకర సరిచేసి, అప్పుడు అంకెలు చదివే ఇంకో నెట్‌వర్క్‌కి ఇస్తున్నాను. 2,000 మీటరు ఫొటోలతో యూఎఫ్‌పీఆర్-ఏఎంఆర్ డేటాసెట్ తయారుచేసిన బ్రెజిల్ పరిశోధకులదీ ఇంచుమించు ఇదే దారి. అంకెల చక్రాలు తిరిగే పాత మీటర్లయితే ఇంకో చిక్కు: 6 సగం, 7 సగం కనపడితే 6 అనే రాయాలి, 7 ఇంకా పూర్తి కాలేదు కాబట్టి.

అసలు తలనొప్పి వేరే. ఎలక్ట్రానిక్ మీటరు తెర ఒకచోట నిలవదు. కేడబ్ల్యూహెచ్ (మనకి కావాల్సిన యూనిట్ల రీడింగ్) చూపిస్తుంది, తర్వాత మాగ్జిమం డిమాండ్ (అత్యధికంగా పడిన లోడు), వోల్టేజి, తేదీ, టైము, మధ్యలో గీతలన్నీ కనపడే టెస్ట్ తెర, అంటే వరసగా 888888. మోడల్ దాన్ని ఎంత ధీమాగా చదువుతుందో చూడాలి! అన్ని అంకెలూ కరెక్టే, కానీ అది రీడింగే కాదు.

అందుకని పక్కనున్న యూనిట్ గుర్తు కూడా చదివిస్తున్నాను. దానిపైన నిన్నటి రీడింగ్‌తో పోలిక: తగ్గకూడదు, మరీ పెరగకూడదు. ఏరియేటర్లది 10 హెచ్‌పీ లోడు అంటే సుమారు 7.5 కిలోవాట్లు, 24 గంటలూ ఆగకుండా తిరిగితే 180 యూనిట్లు, మోటార్ల నష్టాలు కలిపినా 220 దాటకూడదు. దాటిందంటే లెక్కలోకి ఎక్కించకుండా మళ్లీ ఫొటో అడుగుతుంది. నన్నడిగితే ఈ నాలుగు లైన్ల కోడ్ ముందు ఇంకో లక్ష ఫొటోల శిక్షణ కూడా దండగే.

"ఏం అబ్బయా, ఇన్నిసార్లు అడిగేదానికి మావాడు చూసి చెప్పేస్తే పోలా?" అన్నాడు మామ. సగం నిజమే. కానీ వాడు నోటితో చెప్పిన అంకెకి రుజువుండదు, ఫొటోకి ఉంటుంది.

ఇప్పుడు ఫొటో మానేసి, తెర ఒక చుట్టు తిరిగేదాకా వీడియో తియ్యమన్నాను. గుంటల దగ్గర సిగ్నల్ అంతంతమాత్రం, కాబట్టి కేడబ్ల్యూహెచ్ ఉన్న ఫ్రేముని ఫోన్‌లోనే ఏరి, అదొక్కటే పంపేలా రాస్తున్నాను.