చేతికి పట్టీ వేసే ముందు మోచేతి సంగతి తేల్చుకోండి

రెక్కకు దెబ్బ తగిలిందంటే మన దగ్గర మొదట జరిగేది ఒకటే. పక్కనున్నవాళ్ళు భుజం మీది తువ్వాల తీసి, చేతిని అందులో వేసి మెడకు ముడేస్తారు. ఆసుపత్రి చేరేదాకా అది మంచి పనే. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. మెడికల్ షాపుకు పోయి "చేతి పట్టీ ఇవ్వండి" అంటే ఎదురుగా వేలాడుతున్న పౌచ్, అంటే చేతిని లోపల పెట్టుకునే సంచిలాంటి పట్టీ, ఒకటి తీసిస్తారు. విరిగింది మెడ కింద నుంచి భుజం దాకా అడ్డంగా ఉండే కాలర్ బోన్ అయినా, భుజానికి, మోచేతికి మధ్య ఉండే జబ్బ బొక్క అయినా, మణికట్టు అయినా అదే పౌచ్. కట్టు విప్పేదాకా రాత్రింబవళ్ళు అది మెడలోనే ఉంటుంది. ఈ మూడు దెబ్బలకూ కావలసింది ఒకటి కాదు. ఒకదానికి మేలు చేసే పట్టీ ఇంకోదాన్ని చెడగొడుతుంది. అందుకే డాక్టరు దగ్గర నుంచి లేచే ముందే ఒక మాట అడగాలి: నా మోచేతిని పట్టీ కింది నుంచి మోయాలా, లేక మోచేయి వేలాడాలా?

కాలర్ బోన్ సంగతి ముందు చూద్దాం. అది విరిగినా, అది భుజంతో కలిసే చోట కీలు సడలినా, చేతి బరువు మొత్తం ఆ దెబ్బ మీదే పడుతుంది. విరిగిన ఎముక బయటి ముక్క ఆ బరువుకు కిందికి కుంగుతుంది. కూర్చుని ఉంటే నొప్పి తక్కువ, లేచి నడిస్తే ఎక్కువ అనేది అందుకే. ఇక్కడ మోచేతిని కింది నుంచి నిండుగా మోసే పౌచ్ కావాలి. వీపు మీదుగా ఎనిమిది అంకెలా బిగించే క్లావికిల్ బెల్టును ఇప్పటికీ చాలామందికి వేస్తున్నారు. ఎముక అతకడంలో అది మామూలు పౌచ్ కంటే చేసే మేలు ఏమీ లేదు. పైగా సంకల్లో ఒరుసుకుంటుంది, బిగుతైతే చేతులు తిమ్మిరెక్కుతాయి. పౌచ్ చాలా అని డాక్టరును అడగడంలో తప్పు లేదు.

జబ్బ బొక్క విరిగినప్పుడు లెక్క తిరగబడుతుంది. అక్కడ చేతి బరువే మందు. మోచేయి వేలాడుతుంటే ఆ బరువు కింది ముక్కను మెల్లగా కిందికి లాగి, పై ముక్కతో వరసలో ఉంచుతుంది. దీనికోసం వాడేది కాలర్ అండ్ కఫ్. మెత్తటి ఫోమ్ పట్టీ మెడ చుట్టూ ఒక మలుపు, మణికట్టు చుట్టూ ఒక మలుపు తిరుగుతుంది. అది పట్టుకునేది మణికట్టును మాత్రమే, మోచేతికి కింద ఆధారం ఉండదు. "పాపం చేయి వేలాడుతోంది" అని ఇంట్లోవాళ్ళు జాలిపడి మోచేతి కింద తువ్వాల బిగిస్తే కింది ముక్క పైకి నెట్టుకొచ్చి వంకర తిరుగుతుంది. కుర్చీ చేతి మీద మోచేతిని ఆన్చి కూర్చున్నా జరిగేది అదే. ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి గట్టిగా ఉంటే డాక్టరే మామూలు పౌచ్ రాయొచ్చు, అది ఎక్స్‌రే చూసి చెప్పాల్సిన మాట. ఈ బొక్క విరిగినప్పుడు ఇంకొకటి రోజూ చూసుకోవాలి. రేడియల్ నరం ఆ ఎముక వెనక నుంచి చుట్టుకుని పోతుంది. అరచేతిని కిందికి పెట్టి మణికట్టును పైకి లేపగలుగుతున్నారా, బొటనవేలిని వెనక్కి చాచగలుగుతున్నారా చూడండి. లేకపోతే వెంటనే చెప్పాలి.

గూడ, అంటే భుజం కీలు, జారినప్పుడు దాన్ని ఆసుపత్రిలో ఎక్కించిన తర్వాత పౌచ్ ఒక్కటే చాలకపోవచ్చు. చేయి బయటికి తిరగకుండా నడుము చుట్టూ ఇంకో బెల్టు ఉండే షోల్డర్ ఇమ్మొబిలైజర్ వేస్తారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు. పెద్ద వయసువాళ్ళకు గూడ త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి తక్కువ రోజులే ఉంచుతారు. భుజం కండరాన్ని కుట్టిన ఆపరేషన్ తర్వాత ఇచ్చే దిండు ఉన్న పట్టీ వేరు. ఆ దిండు చేతిని ఒంటికి దూరంగా నిలుపుతుంది, కుట్టు మీద లాగుడు పడకుండా కాపాడుతుంది. అడ్డంగా ఉందని దిండు తీసేసి పట్టీ మాత్రం వేసుకుంటే ఆపరేషనే వృథా కావొచ్చు.

ఇక తువ్వాల కట్టే విధానం. ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్ళ నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి రావాలంటే గంటకు పైగా కుదుపుల్లో ప్రయాణం. దారిలో చేయి కదలకుండా ఉంటే సగం నొప్పి అక్కడే తగ్గుతుంది. సుమారు మీటరు పొడవు, మీటరు వెడల్పున్న నూలు గుడ్డను మూలకు మూల మడిస్తే త్రికోణం అవుతుంది. తువ్వాల ఇరుకైతే చున్నీ, పాత చీర ముక్క ఏదైనా సరే. దెబ్బ తగిలిన మనిషిని కూర్చోబెట్టి, మంచి చేత్తో దెబ్బ చేతిని పట్టుకోమనండి. గుడ్డను ఛాతీకి, చేతికి మధ్య దూర్చాలి, త్రికోణం మొన మోచేతిని దాటి బయటికి రావాలి. పై కొసను మంచి భుజం మీదుగా మెడ వెనక నుంచి దెబ్బ వైపుకు తేవాలి. కింది కొసను చేతి మీదుగా పైకి తెచ్చి రెండింటినీ దెబ్బ వైపు కాలర్ బోన్ పైనున్న గుంటలో ముడి వేయాలి. ముడి మెడ వెనక వెన్నెముక మీద పడితే అరగంటకే మెడ పీకేస్తుంది. విరిగింది కాలర్ బోనే అయితే ముడిని మంచి వైపుకు జరపండి. ముడి కింద దస్తీ మడిచి పెట్టండి. చివరగా మోచేతి దగ్గర మిగిలిన మొనను ముందుకు మడిచి పిన్నీసు పెడితే మోచేయి వెనక్కి జారదు. వేళ్ళ కొసలు బయటికి కనబడాలి, అరచేయి మోచేతి కంటే కొంచెం ఎత్తున ఉండాలి.

మోచేతికే దెబ్బ తగిలి వంచలేకపోతుంటే మాత్రం ఇవేవీ చేయకండి. వంగని మోచేతిని పట్టీ కోసం బలవంతంగా వంచితే విరిగిన ఎముక కొన దగ్గరే ఉన్న రక్తనాళానికి, నరాలకు గుచ్చుకోవచ్చు. చేయి ఎలా ఉందో అలాగే ఒంటికి ఆనించి, మధ్యలో గుడ్డ మడత పెట్టి, రెండు మూడు వెడల్పాటి గుడ్డలతో ఛాతీకి, నడుముకు కట్టి 108లో పడుకోబెట్టి తేవాలి. గూడ జారిందనిపించినా ఊళ్ళో ఎవరితోనూ లాగించకండి. ఎముక కూడా విరిగి ఉందో లేదో ఎక్స్‌రే లేకుండా ఎవరికీ తెలియదు.

పౌచ్ కొనేటప్పుడు మనిషి ఎత్తు చెప్పి సైజు అడగడం కన్నా టేపు పెట్టడం మేలు. మోచేతిని వంచి, మోచేతి వెనక కొన నుంచి చిటికెన వేలు మొదలు దాకా కొలవండి. పౌచ్ లోపలి పొడవు దానికి సరిపోవాలి. ఒక్కో కంపెనీ మీడియం ఒక్కోలా ఉంటుంది, డబ్బా మీది సెంటీమీటర్ల పట్టిక చూడండి. పౌచ్ పొట్టిదై మణికట్టు దగ్గరే ఆగిపోతే అరచేయి అంచు మీద నుంచి కిందికి వాలుతుంది. అక్కడ ఒత్తుకుని చేయి వాస్తుంది, చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది. పొడవైతే వేళ్ళు లోపల మూసుకుపోతాయి, కదల్చడం మానేస్తారు. రెండూ చెడ్డవే, కానీ పొట్టి పౌచ్ ఇంకా చెడ్డది.

తొడిగేటప్పుడు మోచేతిని పౌచ్ వెనక మూలకు పూర్తిగా ఆనించాలి. ఈ ఒక్కటి సరిగ్గా లేకపోవడమే సగం ఫిర్యాదులకు మూలం. మోచేయి ముందుకు జారితే చేయి కిందికి దిగుతుంది, దాన్ని ఆపడానికి మనిషి భుజాన్ని పైకి లేపి పెట్టుకుంటాడు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పట్టీ పొడవు సరిచేసి అద్దంలో చూడండి, రెండు భుజాలు ఒకే ఎత్తులో ఉండాలి. పట్టీ మెడను కోయకుండా మంచి భుజం మీదికి జరిగి ఉండాలి, వీపు మీద ఏటవాలుగా దిగే రకం అయితే ఇంకా హాయి. వారం తిరిగేసరికి పట్టీ సాగుతుంది, మళ్ళీ బిగించుకోవాలి.

పట్టీ వేసే ముందే ఉంగరాలు, గాజులు, మణికట్టుకు కట్టిన దారాలు తీసేయండి. వాపు రెండు మూడు రోజుల దాకా పెరుగుతుంది. అప్పుడు సబ్బు నీళ్ళకు, నూనెకు రాని ఉంగరాన్ని కోయించాల్సి వస్తుంది. తాయత్తు తీయడానికి పెద్దలు ఒప్పుకోకపోతే రెండో చేతికి మార్చండి.

వేళ్ళే మీకు అన్నీ చెబుతాయి. గోరును నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. వేళ్ళు చల్లబడినా, నీలంగానో పాలిపోయినట్టో కనిపించినా, మొద్దుబారినా ఆగకూడదు. అన్నిటికంటే ముందు వచ్చే గుర్తు నొప్పి: మందు వేసినా తగ్గని నొప్పి, ఇంకొకరు వేళ్ళను మెల్లగా వెనక్కి చాస్తే ప్రాణం పోయినట్టు ఉండే నొప్పి. లోపల కండరాలకు రక్తం అందడం లేదని దాని అర్థం. గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. బిగుతు కట్టు ఏదైనా ఉంటే సడలించండి, పిండికట్టు అయితే ఎంత రాత్రైనా ఆసుపత్రికి పోండి. చెట్టెక్కో, సైకిల్ మీంచో పడి మోచేతి పైన విరిగిన పిల్లల్లో ఇది ఎక్కువగా చూస్తాం. వాచిన చేతికి పసరు పూసి వెదురు బద్దలతో బిగించి కట్టినప్పుడు వేళ్ళు ముడుచుకుపోయి, ఆ చేయి జీవితాంతం అలాగే మిగిలిపోయిన పిల్లలు మన జిల్లాల్లో ఉన్నారు. నొప్పితో ఏడుస్తుంటే "కట్టు పట్టింది, సర్దుకుంటుంది" అని ఊరుకోబెట్టకండి.

ఇప్పుడు ఎక్కువ నష్టం చేస్తున్న అసలు విషయం: పట్టీ తీయకపోవడం. మణికట్టు విరిగి పిండికట్టు వేసుకున్నవాళ్ళకు పట్టీ అవసరం మొదటి కొద్ది రోజులే, అదీ వాపు దిగడానికి. ఆ తర్వాత ఐదారు వారాలూ పౌచ్‌లోనే ఉంచుకుంటే మణికట్టు అతుకుతుంది, భుజం బిగుసుకుంటుంది. కట్టు విప్పాక "చేయి పైకి లేవట్లేదు, జడ వేసుకోలేకపోతున్నా" అంటూ వచ్చే అమ్మల్లో చాలామందికి భుజానికి దెబ్బే తగలలేదు. యాభై దాటినవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు ఈ ముప్పు మరీ ఎక్కువ. మణికట్టు కట్టుతో ఉన్నవాళ్ళు రోజుకు నాలుగైదు సార్లు పట్టీ తీసి, చేతిని తల మీదికి ఎత్తి దించాలి, పదేసి సార్లు. మోచేతిని పూర్తిగా చాచి ముడవాలి.

ఏ దెబ్బ అయినా వేళ్ళు మాత్రం మొదటి రోజు నుంచే ఆడించాలి. గట్టిగా పిడికిలి బిగించడం, పూర్తిగా చాచడం, మెలకువగా ఉన్న ప్రతి గంటకూ పదిసార్లు. భుజం, జబ్బ దెబ్బలకు డాక్టరు సరేనన్నాక ఊగుడు వ్యాయామం మొదలవుతుంది. మంచి చేత్తో బల్ల పట్టుకుని నడుము ముందుకు వంచి, దెబ్బ చేతిని బావిలోకి దించిన చేదలా వదిలేయాలి. ఊపాల్సింది ఒంటిని, చేయి దానంతట అదే ఊగాలి. చాలామంది భుజం కండరంతో చేతిని తిప్పుతారు, అది వద్దు. ఎన్నో రోజు నుంచి ఏం కదపొచ్చో చీటీ మీద తేదీతో రాయించుకోండి.

వరంగల్ ఎండల్లో మే నెలలో ఫోమ్ పౌచ్ వేసుకోవడం నరకం. జాలీ గుడ్డది తీసుకోండి, వీలైతే రెండు కొనండి, ఒకటి ఉతికితే ఒకటి. అంటుకునే పట్టీలను మూసి, సబ్బు నీళ్ళతో చేత్తో ఉతికి నీడలో ఆరేయాలి. సంకలో చెమట నిలిచి చర్మం చీలకుండా పలుచటి నూలు గుడ్డ మడిచి పెట్టి, తడిసినప్పుడల్లా మార్చండి. పౌడరు చెమటతో కలిసి ముద్దవుతుంది, వద్దు. స్నానానికి పట్టీ తీయనిచ్చాక ఆ ఊగుడు భంగిమలోనే ముందుకు వంగితే సంక దానంతట అదే తెరుచుకుంటుంది, చేయి ఎత్తకుండానే కడగొచ్చు.

బట్టలు తొడిగేటప్పుడు దెబ్బ చేతికి ముందు, విప్పేటప్పుడు దానికి చివర. ముందు గుండీలున్న చొక్కా, నైటీ, జాకెట్టు వాడండి. పడుకోవడానికి మొదటి రెండు వారాలు వీపు వెనక దిండ్లు పేర్చి సగం కూర్చున్నట్టు ఉంటే సుఖం. పౌచ్ వేసుకున్నవాళ్ళకు జబ్బ వెనక చిన్న దిండు పెడితే మోచేయి వెనక్కి పడదు. కాలర్ అండ్ కఫ్ ఉన్నవాళ్ళకు దిండు జబ్బ వెనకే ఉండాలి, మోచేతిని కింది నుంచి పైకి నెట్టకూడదు. మణికట్టు కట్టున్న పిల్లలకు నిద్రలో మెడ చుట్టూ పట్టీ ఉంచొద్దు, చేతిని దిండు మీద ఎత్తి పెడితే చాలు. పగలు చిన్నపిల్లలు పట్టీని పీకేస్తుంటే దాని మీదుగా చొక్కా తొడగండి.

పట్టీ ఉన్నన్నాళ్ళు బండి నడపొద్దు, వెనక కూర్చోవడం కూడా మంచిది కాదు, జారితే పట్టుకోవడానికి చేయి ఉండదు. బస్సులో దెబ్బ చేయి కిటికీ వైపు వచ్చేలా కూర్చుంటే నడిచేవాళ్ళు తగలరు. ముసలివాళ్ళు ఒక చేయి కట్టేసినట్టు ఉంటే తూలుతారు, రాత్రి బాత్రూంకు లేచేటప్పుడు లైటు వేసి ఎవరైనా వెంట ఉండాలి. మానేసే రోజు వచ్చాక ఒక్కసారిగా తీసేయక్కర్లేదు. ముందు ఇంట్లో కూర్చున్నప్పుడు తీయండి, తర్వాత ఇంట్లో తిరిగేటప్పుడు, చివరికి సంతకో పెళ్ళికో పోయినప్పుడు మాత్రం జనం తగలకుండా వేసుకుని, ఆ తర్వాత అదీ ఆపేయండి.