రిపోర్టు రాసేలోపే మిల్టన్ వచ్చింది

ఫ్లోరిడా పడమటి తీరంలో ఒక కౌంటీ ఎమర్జెన్సీ ఆపరేషన్స్ సెంటర్‌లో నాది మ్యాపుల పని. ఏ వీధి ఏ ఇవాక్యుయేషన్ జోన్‌లో (ఖాళీ చేయించే ప్రాంతంలో) ఉంది, ఎక్కడ షెల్టర్ తెరిచారు, ఏ రోడ్డు మునిగింది, అన్నీ స్క్రీన్ మీదికి ఎక్కించాలి. హరికేన్ రోజుల్లో పన్నెండు గంటల షిఫ్టు. నిద్ర కూడా అక్కడే, మడత మంచం మీద.

ప్రతి హరికేన్ తర్వాతా మాకో తంతు ఉంటుంది. షిఫ్టు దిగేముందే నిలబడి ఏది కుదిరింది, ఏది బెడిసికొట్టింది చెప్పుకుంటాం. దాన్ని ‘హాట్‌వాష్’ అంటారు. తర్వాత తీరిగ్గా రాసేది ‘ఆఫ్టర్ యాక్షన్ రిపోర్ట్’. 2022లో ఇయాన్‌కి రాశాం, 2023లో ఇడాలియాకి రాశాం. రెండింట్లోనూ ‘సమాచార మార్పిడి మెరుగుపడాలి’ అని ఉంది. ఎవరు చేయాలి, ఎప్పటిలోగా? అది ఎక్కడా లేదు.

ఇయాన్ మొదట మా దగ్గరి అఖాతం టాంపా బే వైపు వస్తుందన్నారు. తీరా అది దక్షిణంగా తిరిగి కాయో కోస్టా దగ్గర తీరం దాటింది. అక్కడ ఉప్పెన ఊళ్లనే ఊడ్చేస్తే, టాంపా బేలో నీళ్లు వెనక్కి పోయి అడుగు బయటపడింది. జనం ఆ బురదలో దిగి ఫొటోలు తీసుకున్నారు. ‘ఖాళీ చేయమన్నారు, ఏమీ రాలేదు’ అనే మాట అప్పుడే పాతుకుపోయింది. మాలోనూ కొందరిలో అదే ధీమా ఉండేది, నాతో సహా.

2024 సెప్టెంబర్ 26న హెలీన్ మాకు వంద మైళ్లకు పైగా దూరంలో, సముద్రం మీదుగా ఉత్తరానికి పోయింది. తుఫాను దారిని అంచనా వేసి మ్యాప్ మీద గీసే ‘కోన్’ చూసి ‘మేం దాని బయటే ఉన్నాంగా’ అని ఫోన్లు. కోన్ చెప్పేది తుఫాను కేంద్రం ఎటు వెళ్లొచ్చు అన్నదొక్కటే. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అందులో ఉండదు. ఆ రాత్రి మనుషులు చాలక నన్నూ ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ముందుగా ఖాళీ చేయాల్సిన ‘A’ జోన్‌లో ఉన్న ఒక పెద్దాయన ఏడు గంటలకు, ‘ఇడాలియాకి గుమ్మం దాకా వచ్చి ఆగాయి, ఇప్పుడూ అంతే’ అన్నారు. మళ్లీ పదకొండుకి చేశారు, వంటింటి గట్టు మీద కూర్చుని. గాలి బాగా ఎక్కువగా ఉంటే రక్షణ బళ్లను బయటికి పంపరు. ఆ మాట ఆయనతో నేనే చెప్పాల్సి వచ్చింది. తెల్లారాక ఆయన్ని బయటికి తెచ్చారని మర్నాడు తెలిసింది. అప్పటిదాకా నా టెన్షన్ చెప్పలేను.

హెలీన్ రిపోర్టు మొదలే పెట్టలేదు, మిల్టన్ అనే ఇంకో హరికేన్ బయల్దేరింది. మధ్యలో 13 రోజులు. తడిసిన సోఫాలు, పరుపులు, ఫ్రిజ్‌లు ఇంటింటి ముందూ గుట్టలు. గాలి వస్తే అవన్నీ ఎగిరి మనుషుల మీద పడేవే. లారీలు రాత్రింబవళ్లు తిరిగాయి. ఏ వీధి ఖాళీ అయిందో డ్రైవర్లు ఫోన్‌లో చెబుతుంటే నేను మ్యాప్‌లో దాని రంగు మార్చేవాణ్ణి. రిపోర్టుకి టైం లేక హాట్‌వాష్ చీటీలే గోడకి అంటించి, ఒక్కోదాని కింద ఒక్కొక్కరి పేరు రాశాం. నా చీటీలో ఉన్నది: ‘కేటగిరీ చెప్పొద్దు, ఎత్తు చెప్పు’. కేటగిరీ అంటే గాలి వేగాన్ని బట్టి హరికేన్‌కి ఇచ్చే అంకె. వీధివారీగా నీళ్లు ఎంతెత్తు రావచ్చో మ్యాప్ చేశాను. హెలీన్ నీటి మరక ఇంకా గోడ మీదే ఉంది కాబట్టి ఈసారి జనానికి వెంటనే అర్థమైంది. రోడ్లు నిండిపోయేలా కదిలారు.

అక్టోబర్ 9 రాత్రి మిల్టన్ మాకు దక్షిణాన సియస్టా కీ దగ్గర తీరం దాటింది. టాంపా బేలో నీళ్లు మళ్లీ వెనక్కే పోయాయి! కానీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు పైగా వాన పడింది. మా జోన్లన్నీ ఉప్పెనని బట్టి గీసినవి. ఏ జోన్‌లోనూ లేని ఇళ్లలోంచి మనుషుల్ని పడవల్లో తెచ్చారు. నా మ్యాప్‌లో ఆ చోట్లు తెల్లగా ఉన్నాయి.

రెండింటికీ కలిపి ఒకే రిపోర్టు రాశాం. ఇప్పుడు ప్రతి పని పక్కనా పేరు, గడువు ఉన్నాయి. వాన వరదకి వేరే మ్యాప్ నా పని. హరికేన్ సీజన్ జూన్ 1న మొదలవుతుంది కాబట్టి నాకిచ్చిన గడువు మే 31.