వర్గ సమీకరణాల పేజీలో సూత్రాలకు రంగు డబ్బాలు: మూడు వారాల పని వివరాలు

సాయంత్రాలు, ఆదివారాలు వీలు చేసుకొని పదో తరగతి వర్గ సమీకరణాల అధ్యాయాన్ని తెలుగులో వెబ్ పేజీగా రాస్తున్నాను. దీనిని మొదట చదివేది మా అన్నయ్య కూతురు, అది కూడా వాళ్ల అమ్మ ఫోనులో. లెక్క చివర జవాబు చుట్టూ స్కేలుతో డబ్బా గీయడం మనందరికీ బడిలో అబ్బిన అలవాటే గాని, లెక్క మలుపు తిరిగే మెట్టుకు మాత్రం ఎవరూ డబ్బా కట్టరు. ఎక్స్ వర్గం, 6 ఎక్స్, 5 కలిపితే సున్నా అనే సమీకరణాన్ని వర్గం పూర్తి చేసే పద్ధతిలో సాధించేటప్పుడు, రెండు వైపులా 9 ఎందుకు కలిపామో అర్థమైతే మిగిలినదంతా మామూలు కూడికలూ తీసివేతలే. ఆ 9 మీద చూపు ఆగేలా చేయాలన్న కోరికతోనే ఈ పని మొదలైంది.

మొదటి వారం

సూత్రాలను బ్రౌజరులో చూపించడానికి నాకు తెలిసిన దారులు రెండు: మ్యాథ్‌జాక్స్, కేటెక్. రెండూ లేటెక్ పద్ధతిలో, అంటే బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే ఆదేశాలతో రాసిన సూత్రాన్నే తీసుకుంటాయి. ఖాన్ అకాడమీ 2014లో విడుదల చేసిన కేటెక్ చాలా వేగంగా పని చేస్తుంది కాబట్టి ముందు దానితోనే ప్రయత్నించాను. నల్ల గీత డబ్బా చాలనుకుంటే అందులో బాక్స్‌డ్ అనే ఆదేశం సరిపోతుంది. రంగు కావాలంటే ఎఫ్‌కలర్‌బాక్స్ వాడాలి. దానికి గీత రంగు, లోపలి రంగు, లోపల ఉండవలసిన విషయం అనే మూడింటిని వరుసగా మూడు ఫ్లవర్ బ్రాకెట్లలో ఇవ్వాలి. కొత్తగా మొదలుపెట్టేవారు ఇక్కడ తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది: మూడో బ్రాకెట్‌లో ఉన్నదాన్ని అది సూత్రంగా కాక మామూలు వాక్యంగా చదువుతుంది. అందువల్ల లోపల మళ్లీ రెండు వైపులా డాలర్ గుర్తులు పెట్టకపోతే ఘాతాంకం దగ్గరే పొరపాటు చూపించి ఆగిపోతుంది. నాకు ఒక సాయంత్రం అంతా దీనికే సరిపోయింది.

డబ్బా గీతకూ లోపలి సూత్రానికీ మధ్య వదిలే ఖాళీని ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంచుకోవాలనిపించడంతో వారం చివరికి మ్యాథ్‌జాక్స్‌కు మారాను. అందులో ఉన్న బీబాక్స్ అనే ఆదేశం కేటెక్‌లో లేదు. దీనికి స్క్వేర్ బ్రాకెట్లలో రంగు, లోపలి ఖాళీ, గీత తీరు అనే మూడింటిని కామాలతో విడదీసి ఇస్తే చాలు, సూత్రాన్ని ఆ తరువాతి ఫ్లవర్ బ్రాకెట్లలో నేరుగా రాయవచ్చు, డాలర్ గుర్తుల అవసరం ఉండదు. ప్రస్తుతం నేను వాడుతున్న కొలతలు ఇవి: లోపల లెమన్‌షిఫాన్ అనే లేత పసుపు రంగు, 6 పిక్సెళ్ల ఖాళీ, 2 పిక్సెళ్ల మందంతో ఫైర్‌బ్రిక్ అనే ఇటుక ఎరుపు రంగు గీత.

రెండవ వారం

ప్రతి డబ్బాకూ ఇన్ని వివరాలు తిరిగి తిరిగి రాయడం కష్టం కాబట్టి మ్యాథ్‌జాక్స్ అమరికలలో మాక్రోలుగా, అంటే పొడవైన ఆదేశానికి బదులు వాడే చిన్న పేర్లుగా పెట్టుకున్నాను. మాక్రోలకు రంగుల పేర్లు కాక పనుల పేర్లు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. "పసుపు డబ్బా" అని కాక "కీలకం" అనే అర్థంలో ఒకటి, "జవాబు" అనే అర్థంలో మరొకటి ఉంటే, రేపు రంగు మార్చాలనుకున్నా పాఠాన్ని ముట్టుకోనక్కరలేదు. అయితే మాక్రో రాసిన వెంటనే డబ్బాకు బదులు బీ, ఓ, ఎక్స్ అనే మూడు ఏటవాలు అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. ఈ అమరికలు జావాస్క్రిప్ట్‌లో ఉంటాయి, అందులో కొటేషన్ల మధ్య బ్యాక్‌స్లాష్ తరువాత బీ వస్తే అది బ్యాక్‌స్పేస్ అనే కనిపించని గుర్తుగా మారిపోతుంది. అందువల్ల బీబాక్స్‌లోని మొదటి బీ మాయమై తక్కిన మూడు అక్షరాలే మిగిలాయన్నమాట. మాక్రోలలో ప్రతి బ్యాక్‌స్లాష్‌నూ రెండుసార్లు రాయాలి. పేజీలో నేరుగా రాసే సూత్రాలకు ఒక్కసారే చాలు.

ఆ తరువాత పట్టించుకున్నది డబ్బాల ఎత్తు. ఏ వర్గం, 2 ఏబీ, బీ వర్గం అనే మూడు పదాలకు పక్కపక్కనే మూడు డబ్బాలు కట్టినప్పుడు నడిమిది మాత్రం పొట్టిగా వచ్చింది, ఎందుకంటే దానికి ఘాతాంకం లేదు, డబ్బా ఎప్పుడూ లోపలి విషయం ఎంత ఎత్తుంటే అంతే ఎదుగుతుంది. వీఫాంటమ్ అనే ఆదేశం ఒక విషయాన్ని చూపించకుండా, చోటు అడ్డంగా పెంచకుండా, దాని ఎత్తును మాత్రం లెక్కలోకి తెస్తుంది. నడిమి డబ్బాలో బీ వర్గాన్ని అలా దాచి ఉంచితే మూడూ ఒకే వరుసలో నిలిచాయి. ఇంత చిన్న సవరణతో పేజీ ఎంత నిండుగా కనిపించిందో చెప్పలేను.

వర్గమూలం కింద ఉన్న విచక్షణికి (బీ వర్గం మైనస్ 4 ఏసీ) డబ్బా కట్టడం ఇంకొక పాఠం. 6 పిక్సెళ్ల ఖాళీ ఇచ్చేసరికి మూలం గుర్తు ఆ డబ్బా మొత్తాన్ని కప్పడానికి పెద్దదై, సూత్రం అంతా పైకి లేచింది. అక్కడ గీత తీసివేసి, ఖాళీని 2 పిక్సెళ్లకు తగ్గించి, రంగు మాత్రమే ఉంచాను. భిన్నాల లోపల, వాక్యం మధ్యలో వచ్చే సూత్రాలకూ ఇదే కొలత పాటిస్తున్నాను. లేకపోతే ఆ ఒక్క వరుస చుట్టూ ఎడం పెరిగి పేరా ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది.

వరుస వరుసకూ సమానం గుర్తులను ఒకదాని కింద ఒకటి నిలబెట్టే అలైన్ అమరికలో, ఎక్కడ నిలబెట్టాలో చెప్పే యాంపర్‌సాండ్ (&) గుర్తును డబ్బా లోపల ఉంచకూడదు. మ్యాథ్‌టూల్స్ పొడిగింపులోని ఏబాక్స్‌డ్ దానిని అనుమతిస్తుంది గాని నేను జవాబు వరుసను అమరిక నుంచి తప్పించి, కింద విడిగా డబ్బా కట్టాను. చూపుకు కూడా అదే హాయిగా ఉంది.

మూడవ వారం

అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకున్నది తెలుగు మాటలు ఉన్న డబ్బాలు. దీర్ఘచతురస్రం లెక్కలో "విస్తీర్ణం", "చుట్టుకొలత" అని సూత్రంలోనే తెలుగులో రాయాలని నేను ముందే నిశ్చయించుకున్నాను. టెక్స్ట్ ఆదేశంలో రాస్తే అక్షరాలు చక్కగానే వచ్చాయి గాని, డబ్బా కింది గీత స్త, ర్ణ, ట్టలలోని ఒత్తుల మీదుగా పోయింది. కారణం ఆలోచిస్తే సులువే. లాటిన్ అక్షరాలకూ గణిత గుర్తులకూ ఒక్కొక్కదాని ఎత్తు, లోతు ఈ సాధనాల పట్టికలలో ఉంటాయి. తెలుగు అక్షరాలకు అటువంటి పట్టిక లేదు కనుక ఏదో ఒక స్థిరమైన ఎత్తునే అన్నిటికీ వేసుకుంటాయి. కేటెక్ అయితే ఇంగ్లిషు పెద్ద ఎమ్ కొలతనే తీసుకుంటుంది. ఎమ్ గీత కిందికి దిగదు, మన ఒత్తులేమో దిగకుండా ఉండవు. పైన గుడులూ ఏత్వాలూ కూడా ఇంచుమించు ఇదే ఇబ్బంది పెడతాయి.

దీనికి నేను చేసిన పరిష్కారం రూల్ అనే ఆదేశం. వెడల్పు సున్నాగా, మొత్తం ఎత్తు 1.7 ఎమ్‌గా (ఇక్కడ ఎమ్ అంటే అక్షరం కాదు, ఫాంటు సైజుతో సమానమైన కొలత), గీత కిందికి 0.6 ఎమ్ దిగేలా ఒక కనిపించని నిలువు కర్రను ప్రతి తెలుగు డబ్బాలోనూ నిలబెట్టాను. ఈ అంకెలు నేను వాడే ఫాంటులో కంటితో చూసి సరిచేసుకున్నవి, వేరే ఫాంటు వాడేవారు తమకు తగినట్టు మార్చుకోవలసి ఉంటుంది. మ్యాథ్‌జాక్స్ అమరికలలో టెక్స్ట్ భాగం పేజీ ఫాంటునే తీసుకోవాలని చెప్పే ఎంపిక ఉంది. దాన్ని ఆన్ చేయడంతో డబ్బాలోని తెలుగు, బయటి పేరాలోని తెలుగు ఒకే చేతి రాతలా కలిసిపోయాయి.

ఫోనులో చూసినప్పుడు పొడవైన సూత్రాలు తెర దాటిపోయాయి. సూత్రం ఉన్న పెట్టెకు సీఎస్‌ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్ణయించే భాషలో) అడ్డంగా జరుపుకొనే వీలు కల్పించగానే, డబ్బా పై గీత, కింది గీత సగం తెగిపోయాయి. ఆ వీలు అడ్డానికి ఇస్తే నిలువునా కూడా హద్దు పడుతుంది. పైనా కిందా 4 పిక్సెళ్ల ఖాళీ ఇచ్చాక సరిపోయింది. అదే ఫోను రాత్రి వేళ నలుపు థీముకు మారితే తెల్ల అక్షరాలు లేత పసుపులో కలిసిపోయి ఏమీ కనిపించలేదు, కాబట్టి మాక్రోలోనే అక్షరాల రంగు నలుపు అని రాసేశాను. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలన్న వెబ్ ప్రమాణాన్ని నలుపు, లెమన్‌షిఫాన్ జంట చాలా తేలికగా దాటుతుంది.

ఆదివారం నాడు మా అన్నయ్య కూతురు పేజీని ప్రింటు తీయించుకొని వచ్చింది. "బాబాయ్, రంగులేమీ రాలేదు, గీతలు మాత్రమే వచ్చాయి" అని చూపించింది. బ్రౌజర్లు సిరా ఆదా కోసం వెనుక రంగులను మామూలుగా అచ్చు వేయవు. ప్రింట్ కలర్ అడ్జస్ట్ అనే సీఎస్‌ఎస్ గుణానికి ఎగ్జాక్ట్ అనే విలువ ఇస్తే వేస్తాయి గాని, జిరాక్సు దుకాణంలో నలుపు తెలుపు కాగితమే దొరికే పిల్లలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా గుర్తించలేని వారి సంగతి కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది. అందుకని కీలకమైన మెట్టుకు విరిగిన గీత, జవాబుకు నిండు గీత అని మాక్రోలను మార్చాను. రంగు లేకపోయినా ఏది ఏమిటో గీతే చెబుతుంది.

పేజీలో మొదట 31 డబ్బాలు ఉండేవి, నిన్న రాత్రి చదువుతూ వాటిని 12కు తగ్గించాను. ప్రతి లెక్కలో కీలకానికి ఒకటి, జవాబుకు ఒకటి. పక్కపక్కన నిలబెట్టడానికి అంత శ్రమపడిన ఏ వర్గం, 2 ఏబీ, బీ వర్గం డబ్బాలు మూడూ తీసేశాను. రెండు వైపులా కలిపిన 9 చుట్టూ ఉన్న విరిగిన గీత మాత్రం అలాగే ఉంది.