ఆ బటన్ నేను నొక్కనమ్మా

"నీకైనా నాన్నకైనా సరే, ఆ బటన్ మాత్రం నేను నొక్కనమ్మా" అన్నాడు మా పద్నాలుగేళ్లవాడు, తెలిసినవాళ్ల అంత్యక్రియల నుంచి వస్తూ. అమెరికాలో తలకొరివి అంటే దహన యంత్రాన్ని వెలిగించే ఆ బటనే కదా.

వాడిని తప్పుపట్టను. ఫ్యూనరల్ డైరెక్టర్ (అంత్యక్రియల ఏర్పాట్లు చూసేవాడు) ముందురోజే కర్తకు ఆ గది చూపించాలి: తలుపు ఎటు లేస్తుంది, బర్నర్ అంటుకోగానే ఎలా హోరుమంటుంది, ఎంతమందికి చోటుంది (పదిమంది పట్టే గదిలోకి అరవైమంది తోసుకెళ్తాం మనం). నొక్కలేకపోతే ఆపరేటరే నొక్కుతాడు, పక్కన నిలబడితే చాలని కూడా చెప్పాలి.

మిగతావి మనం అడగాలి. శవాన్ని ఫ్రిజ్‌లో ఉంచితే సాధారణంగా ఎంబామింగ్ (పాడవకుండా మందులెక్కించడం) అక్కర్లేదు. ముందే చెప్పకపోతే లిప్‌స్టిక్ వేసేస్తారు; స్నానం, బొట్టు, చీర మన ఆడవాళ్లే చూసుకుంటారంటే ఓ గంటన్నర గది ఇమ్మనాలి. చివరిచూపు లేకుండా నేరుగా దహనానికైతే ఖరీదైన పేటిక కొనమనకూడదు, ధరల పట్టిక చేతికివ్వాలి. 1984 నుంచి అమల్లో ఉన్న అమెరికా ప్రభుత్వ నిబంధన, ఫ్యూనరల్ రూల్ అది. చివరిచూపుకి పేటిక అద్దెకీ దొరుకుతుంది. పేస్‌మేకర్ ఉంటే దాచకండి, తీయకపోతే లోపల పేలుతుంది. కొబ్బరికాయ, గాజుసీసాలో గంగ పెట్టెలో వద్దు. కర్పూరం వెలిగిస్తే ఫైర్ అలారం మోగుతుంది. కుండ పగలగొట్టేది పార్కింగ్ లాట్‌లోనే, చీపురు మనదే.

అన్నిటికన్నా మనవాళ్లను కుంగదీసేది అస్థిసంచయనం. రెండు మూడు గంటల దహనం తర్వాత ఎముకల్ని యంత్రంలో పొడి చేసి ఇస్తారు, రెండు మూడు కిలోలు. ఏరుకోడానికేమీ మిగలదు. కొన్ని ముక్కలు పొడి చేయకుండా ఇవ్వడం కుదురుతుందేమో ముందే అడగాలి. డబ్బా తెరిచాక ఏడ్చి లాభం లేదు. గోదావరిలో కలపాలనుకుంటే చెక్కదో ప్లాస్టిక్‌దో కలశం తీసుకోండి. లోహపు కలశం ఎక్స్‌రేకి అందదు, ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ వాళ్లు మూత తెరిచి చూడరు, అలాగని లోపలికి పోనివ్వరు.

ఇన్ని చెప్పేదాన్ని, పిల్లల్ని చిన్నప్పుడు ఒక్క చావింటికీ తీసుకెళ్లలేదు. మేం వెళ్లొస్తే మాత్రం "మైల, ముట్టుకోకండి" అనేదాన్ని, ఎందుకో చెప్పకుండా. అమ్మాయీ అబ్బాయీ ఒకటేనని నిత్యం ఉపన్యాసాలిస్తానా, బటన్ మాట రాగానే చూసింది వాడివైపే.

"నేను నొక్కకూడదా?" అంది వెనక సీట్లోంచి కూతురు.

పంతులుగారిని అడిగి చెప్తానన్నాను. రెండు వారాలైంది. ఇంకా ఫోన్ చేయలేదు.