నెట్ బిల్లు సగం తగ్గింది, రూటర్ దగ్గర మాత్రం ఏడిపించారు

నిన్న సాయంత్రం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. పాత నెట్ కంపెనీ దగ్గర ఉన్న మా రూటర్ డిపాజిట్ 1,500 రూపాయలు అకౌంట్లో పడ్డాయట. మా వారికి రెండుసార్లు చదివి వినిపించాను. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గితే రాయబుద్ధి కాదని ఇప్పుడే రాస్తున్నాను.

మాది విశాఖపట్నంలో మురళీనగర్. 2020 లాక్‌డౌన్‌లో మా అబ్బాయి ఇంటి నుంచే ఉద్యోగం చేయాల్సి వచ్చి 200 ఎంబీపీఎస్ స్పీడున్న నెట్ ప్లాన్ తీసుకున్నాం. నెలకు 999. పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 1,178 రూపాయల 82 పైసలు. అబ్బాయి బెంగళూరు వెళ్లిపోయి రెండేళ్లు దాటింది. ఇంట్లో ఇద్దరమే. రాత్రి టీవీలో ఒక సినిమా, ఆదివారం మనవరాలితో వీడియో కాల్, అంతే మా వాడకం. బిల్లు మాత్రం ఆటోపేలో దానంతటదే పోతూనే ఉంది. చేత్తో లెక్కపెట్టి ఇచ్చే డబ్బయితే ఆర్నెల్లకే అడిగేదాన్ని.

సంక్రాంతికి వచ్చినప్పుడు అబ్బాయి స్పీడ్ టెస్ట్ చేసి చూపించాడు. హాల్లో 190 వస్తోంది, పడకగదిలో 30 దాటట్లేదు. ఇదే సంగతి పోయినేడాది కస్టమర్ కేర్‌కి చెబితే 300 ప్లాన్‌కి మారమన్నారు. నిజానికి గోడలు అడ్డొచ్చి వైఫై తగ్గిపోతుంటే పెద్ద ప్లాన్ కడితే ఏం లాభం? అబ్బాయి ఆ రూటర్‌ని టీవీ వెనక నుంచి తీసి బీరువా మీద పెట్టాడు. పడకగదిలో 70 వచ్చింది. "అమ్మా, హెచ్‌డీ సినిమాకి ఐదు ఎంబీపీఎస్ చాలు. 4కే పెట్టినా పాతిక మించదు. 200 మీకెందుకు?" అన్నాడు.

కంపెనీకి ఫోన్ చేసి చిన్న ప్లాన్ అడిగాను. 499 ప్లాన్ కొత్త కస్టమర్లకేనట, పాతవాళ్లకి ఇవ్వరట. అయితే కనెక్షన్ తీసేయండి అన్నాను. అంతే, ఆ అమ్మాయి గొంతు మారిపోయింది. "మేడమ్, మీకోసం స్పెషల్‌గా 599 ఇస్తాం" అంది. ఐదేళ్లు ఒక్క నెల ఆలస్యం లేకుండా కట్టినన్నాళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదు? నాకు మనసు విరిగిపోయింది, వద్దన్నాను. మీకంత పట్టింపు లేకపోతే అక్కడ వచ్చే ఆఫర్ తీసేసుకోండి, చాలామందికి పని అక్కడితోనే అయిపోతుంది.

కొత్త కనెక్షన్ మా వీధి కేబుల్ ఆయన దగ్గర తీసుకున్నాం. 100 ఎంబీపీఎస్, 499, జీఎస్టీతో 588 రూపాయల 82 పైసలు. నెలకు సరిగ్గా 590 మిగులు, ఏడాదికి 7,080. అమ్మేవాళ్లని అడగలేదు. అదే లైను వాడుతున్న పై పోర్షన్ వాళ్లని, రాత్రి తొమ్మిదింటికి నెట్ ఆగిపోతుందా అని అడిగాను. ఆగట్లేదన్నాక సరేనన్నాను. ఆర్నెల్లు అడ్వాన్సు కడితే ఇన్‌స్టలేషన్ ఫ్రీ అన్నాడు కేబుల్ ఆయన. మొదటి నెల చూశాకే అన్నాను. పాత ఆటోపే యూపీఐ యాప్‌లోనే రద్దు చేశాను, రెండు నిమిషాల పని.

ఇక రూటర్.

మంగళవారం మధ్యాహ్నం రూటరూ, అడాప్టరూ, వైరూ చీరల షాపు సంచిలో పెట్టుకుని ద్వారకానగర్‌లో వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్‌లో మా అబ్బాయి ఈడు కుర్రాడు. రూటర్ తిప్పి వెనకాల స్టిక్కర్ చూశాడు, కంప్యూటర్ చూశాడు, మళ్లీ స్టిక్కర్ చూశాడు.

"ఇది మాది కాదాంటీ."

"మీదే బాబూ, మీ పేరే ఉంది కదా పైన."

"సీరియల్ నంబర్ తేడా ఉంది. మీకిచ్చింది వేరే బాక్స్. అది తెస్తేనే డిపాజిట్ వస్తుంది. లేకపోతే బాక్స్ డబ్బులు మీరే కట్టాలి."

రెండు వానాకాలాల కింద పిడుగు పడి పాత బాక్స్ పోయిందని, మీ మనిషే వచ్చి ఇది పెట్టి పాతది పట్టుకెళ్లాడని చెప్పాను. "సిస్టమ్‌లో లేదు" అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ అదే మాట. అప్పుడు పక్క సీటు అతనితో, నాకూ వెనకాల లైన్లో ఉన్నవాళ్లకీ వినిపించేలా, "మంచి బాక్సులు అమ్మేసుకుని ఎక్కడివో తెచ్చి ఇస్తుంటారు" అన్నాడు.

లైన్లో వాళ్లంతా నా వైపు చూశారు. ఒకావిడ నా చేతిలో సంచి వైపు చూసింది. నాకు నోట మాట రాలేదు. మా వారు షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్లు పనిచేసి ఒకరి చేత మాట పడకుండా రిటైరయ్యారు. పదిహేను వందల కోసం నన్ను దొంగని చేశాడు వాడు. రూటర్ సంచిలో పెట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. కాళ్లు వణుకుతున్నాయి.

అక్కడ కూర్చున్నప్పుడే గుర్తొచ్చింది. ఆ రోజు కొత్త బాక్స్ పెట్టిన అబ్బాయిని వైఫై పాస్‌వర్డ్ అడిగితే స్టిక్కర్ మీద ఉందన్నాడు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి, నాకు కనపడలేదు. "ఫొటో తీసి పంపుతాలెండి" అని వాట్సాప్‌లో పంపాడు. అతని నంబర్ 'నెట్ అబ్బాయి' అని వేసుకున్నాను. వెతికితే దొరికింది. స్టిక్కర్ మీద పాస్‌వర్డు, దాని కింద గీతలు గీతలుగా బార్‌కోడు, ఆ కింద సీరియల్ నంబర్. ఫొటో మూలన అతని బొటనవేలు. కింద "మేడమ్ ఇదే" అని మెసేజ్, తారీఖు. అదే రోజు కంపెనీ నుంచి వచ్చిన కంప్లయింట్ నంబర్ ఎస్ఎంఎస్ కూడా ఫోన్లోనే ఉంది.

మళ్లీ లోపలికి వెళ్లాను. మేనేజర్‌ని పిలవమన్నాను. రూటర్ పక్కన ఫోన్ పెట్టి, కళ్లజోడు పెట్టుకుని, నంబర్ ఒక్కొక్క అంకె పైకి చదివాను. ఆ కుర్రాడు స్టిక్కర్ మీద వేలు పెట్టి సరిచూసుకోక తప్పలేదు. మేనేజర్ కంప్లయింట్ నంబర్ కొట్టగానే 'బాక్స్ మార్చబడినది' అని వచ్చింది. మార్చినవాడు రాశాడు, ఇక్కడివాళ్లు రికార్డులో ఎక్కించుకోలేదు. మేనేజర్ సారీ చెప్పాడు. "మీరు కాదు, ఆ మాట అన్నతను చెప్పాలి, వీళ్లందరి ముందే" అన్నాను. చెప్పాడు. స్టాంపు వేసిన రసీదు చేతికొచ్చేదాకా కదల్లేదు. రసీదులో రూటర్‌తో పాటు అడాప్టర్ కూడా రాయించాను. అది రాలేదని తర్వాత డబ్బులు కోస్తారని పై పోర్షన్ వాళ్లు ముందే చెప్పారు.

వాళ్లు అప్పటికీ వినకపోతే ఏం చేయాలో మా అబ్బాయి ఫోన్లో చెప్పాడు. ముందు కస్టమర్ కేర్‌లో కంప్లయింట్ పెట్టి డాకెట్ నంబర్, అంటే ఆ కంప్లయింట్ నంబర్, తీసుకోవాలి. పని జరక్కపోతే అదే కంపెనీలో ఉండే అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూల్ ప్రకారం ఇలాంటి కంపెనీల్లో అది ఉండాలి. ట్రాయ్ మాత్రం ఒక్కొక్కరి కంప్లయింటు నేరుగా తీసుకోదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేయొచ్చు. నాకు అంతదాకా అవసరం పడలేదు.

ఈ రోజు పొద్దున్న గాజువాకలో మా చెల్లెలింటికి వెళ్లాను. వాళ్లదీ అదే కంపెనీ, అదే 999. ఫోన్ చేసే ముందు ఆగమని, వాళ్ల రూటర్ తీసి వెనక స్టిక్కర్ ఫొటో తీసి చెల్లెలి వాట్సాప్‌కి పంపాను.