బీరువాలోని సాక్సోఫోను

మన బడి బ్యాండు గదిలో ఎడమవైపు బీరువా గుర్తుందా? పై అరలో డ్రమ్ము పుల్లలు, కింది అరలో ఒక నల్లటి పెట్టె. అందులో సాక్సోఫోను. మీటల కింది తోలు బిళ్లలు ఎండిపోయి ఎక్కడ ఊదినా గాలి పోయేది. నేను క్లారినెట్ వాణ్ణి. రెండూ రెల్లు బద్దతో పలికేవే కాబట్టి అదీ నాదే అనుకునేవాణ్ణి. "ముందు నీ వాయిద్యం నీకు రానీ, తర్వాత అడుగు" అనేవారు బ్యాండు మాస్టారు. పదో తరగతి అయిపోయింది కానీ ఆ తర్వాత అన్నది రాలేదు.

1976లో చదువుకోవడానికి ఫిలడెల్ఫియా వెళ్లాను. కింది వాటాలోని పెద్దాయన ప్రతి శనివారం ఒకే రికార్డు పెట్టేవాడు. చెక్క నేల మీదుగా ముందు బేస్ గిటారు వచ్చేది. బల్ల మీది గ్లాసులో చెంచా సన్నగా వణికేది. మూడో వారం సిగ్గు విడిచి తలుపు తట్టాను. సాక్సోఫోను వాయించే గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్ ఆల్బమ్ 'మిస్టర్ మ్యాజిక్', 1975. "మా ఊరివాడు" అన్నాడు పెద్దాయన. గ్రోవర్ పుట్టింది బఫెలోలో అయినా, ఫిలడెల్ఫియాలోనే స్థిరపడ్డాడు కదా, ఆ మాత్రం హక్కు ఉంటుంది.

మొత్తం నాలుగే పాటలు. రెండో వైపు మొదటిది ఆల్బమ్ పేరుదే, తొమ్మిది నిమిషాలు. ఎరిక్ గేల్ గిటారు ఒక చిన్న పలుకు పట్టుకుని వదలదు. సాక్సోఫోను ఒక మాట అని ఆగుతుంది, ఆ ఖాళీలో రాల్ఫ్ మెక్‌డొనాల్డ్ తాళవాద్యాలు తొంగిచూస్తాయి. ఆ పాట కట్టినవారిలో ఆయనా ఒకరు. ఊపిరి అందక మధ్యలో ఆగే నాకు, కావాలని ఆగడం అనేది ఒకటుందని అప్పుడే తెలిసింది. వాద్యాల కూర్పు చేసిన బాబ్ జేమ్స్ పరిచిన వయొలిన్లు మాత్రం నాకు కాస్త తీపి ఎక్కువ.

అసలు కథ పెద్దాయనే చెప్పాడు. 1971లో ఆల్టో సాక్సోఫోను వాద్యకారుడు హ్యాంక్ క్రాఫర్డ్ వాయించాల్సిన రికార్డింగుకు ఆయన రాలేదు. ఆల్టో కన్నా పెద్దదైన టెనర్ సాక్సోఫోను వాయించే గ్రోవర్‌ చేతికి తనది కాని ఆల్టో సాక్సోఫోను ఇచ్చారు. అతని మొదటి ఆల్బమ్ 'ఇన్నర్ సిటీ బ్లూస్' అలా పుట్టింది.

ఆ రాత్రే మాస్టారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. చూశారా, తనది కాని వాయిద్యంతోనే పేరు తెచ్చుకున్నాడు అని. నెల రోజులకు జవాబు వచ్చింది. ఒకే వాక్యం:

"అతనికి టెనర్ వచ్చు కదరా!"