గంజిలో నీలం ఎందుకు పోతుంది?

మెతుకు, కందిపప్పు బద్ద, రెండూ పూసల దండలే. మెతుకులోని పిండిపదార్థం మొత్తం ఒకే రకం పూస, గ్లూకోజ్. పప్పులోని మాంసకృత్తులకు 20 రకాల పూసలు, అవే అమైనో ఆమ్లాలు. దండను దండగా పేగు పీల్చుకోలేదు, తెంపాల్సిందే. ఆ తెంపడాన్ని వంటింట్లోనే చూడొచ్చు.

చల్లారిన గంజి ఒక చెంచా తీసుకుని అరగ్లాసు నీళ్లలో కలిపి, రెండు గిన్నెల్లో సగం సగం పోయండి. నోరు పుక్కిలించి, ఒకదాన్లో చెంచాడు ఉమ్మి, రెండోదాన్లో చెంచాడు మంచినీళ్లు వేసి, రెండింటినీ గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. గాయాలకు రాసే అయోడిన్ మందు, బెటాడిన్ ద్రావణాన్ని (సబ్బు కలిసిన స్క్రబ్ పనికిరాదు) పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లతో పలచన చేయండి. రెండేసి నిమిషాలకోసారి తెల్ల సాసరు మీద చుక్క గంజి, చుక్క అయోడిన్. మంచినీళ్లది నీలంగానే ఉంటుంది. ఉమ్మి వేసినది ఊదాకి, ఎర్రగోధుమకి తిరిగి, చివరికి అయోడిన్ రంగే మిగులుతుంది.

పిండిలోని అమైలోజ్ దండ స్ప్రింగులా చుట్టుకుంటుంది, చుట్టుకు ఆరు గ్లూకోజులు. ఆ సొరంగంలో అయోడిన్ దూరితేనే నీలం. ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైమ్ కత్తెరలా దండను ముక్కలు చేశాక సొరంగమే ఉండదు.

గంజి వేడిగా ఉంటే రెండు విధాల చెడుతుంది: అమైలేజ్ పాడవుతుంది, వేడిలో నీలమూ నిలవదు. గంజి చిక్కగా ఉంటే రంగు త్వరగా మారదు. నిమ్మరసం తగిలితే మరీ మోసం, విటమిన్ సి అయోడిన్ రంగునే చంపేస్తుంది, పిండి మాత్రం అలాగే ఉంటుంది. గ్లూకోజ్ చూసే మూత్రపరీక్ష పట్టీ ముంచి ఏమీ రాలేదని కంగారు పడకండి. అమైలేజ్ ఎక్కువగా మిగిల్చేది మాల్టోజ్, అంటే రెండు పూసల ముక్క. దాన్ని విడదీసేది చిన్నపేగు గోడ.

పెసర పొట్టులోని సెల్యులోజ్‌దీ గ్లూకోజే. అతుకు తీరు వేరు, అంతే. దాన్ని తెంపే కత్తెర మన ఒంట్లో లేదు.

మాంసకృత్తుల జోలికి ఉమ్మి పోదు, ఆ పని కడుపులో పెప్సిన్ అనే మరో ఎంజైమ్ మొదలుపెడుతుంది. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో దండి. మెథియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం పప్పులో తక్కువ, ఆ లోటు బియ్యం తీరుస్తుంది. రెండూ ఒకే ముద్దలో ఉండాలన్న పట్టింపు అనవసరం, ఒకే రోజులో తింటే చాలు. కందిపొడికి పప్పు మాత్రం దోరగా వేయించి దించేయండి. ఎర్రబడే కొద్దీ లైసిన్ చక్కెరలతో అతుక్కుపోయి ఒంటికి అందకుండా పోతుంది.